సీలు తీసిన సీసా

మా కుటుంబంలో మగవాళ్ళు నలుగురు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక కథ బయటికి వస్తుంది. మద్యనిషేధం రోజుల్లో మా బావ, అంటే మా అక్క భర్త, ఖాళీ స్కాచ్ సీసాలో యానాం సరుకు పోసి, రంగు కోసం అందులో దెబ్బలకి రాసే టించరు కలిపి, స్కాట్లాండు సరుకని చెప్పి మా పెదనాన్న చేత తాగించబోయాడట. పెదనాన్న మొదటి గుక్కలోనే పట్టేశాడట. అప్పటినుంచి బావకు మా వాళ్ళు పెట్టిన పేరు టించరు అల్లుడు.

ఈ కథలో ఎక్కడ నవ్వాలో అందరికీ తెలుసు. టించరు అన్న మాట దగ్గర కొంచెం నవ్వాలి. "ఒరే, దూది పట్రండ్రా, దెబ్బలకి పూసుకుందాం" అని పెదనాన్న అన్నచోట పడీ పడీ నవ్వాలి. చాలా ఏళ్ళు నేనూ నవ్వాను. ముందు వరసలో కూర్చుని నవ్వాను.

ఆ కథ అబద్ధం. ఆ సీసాలో ఉన్నది అసలు సిసలు సింగిల్ మాల్ట్ స్కాచ్. ఆ సంగతి నాకు ఎలా తెలుసంటే, అందరికంటే ముందు దాన్ని తాగింది నేను. ఇది రాస్తున్నప్పుడు నాకు కోపంగా ఉంది. చల్లారాక రాద్దామని కొన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు.

ఆ రోజుల గురించి కొంచెం చెప్పాలి. ప్రభుత్వం మందు అమ్మకాలు ఆపేసింది. తాగేవాళ్ళు మాత్రం ఆగలేదు. మా భీమవరం వైపు నుంచి నిషేధం లేని యానాం వెళ్ళి, స్కూటరు డిక్కీలో, కొబ్బరికాయల బస్తాల మధ్య దాచి తెచ్చుకునేవాళ్ళు. దానితోపాటు కల్తీ కూడా పెరిగింది. విదేశీ మందు ఖాళీ సీసా కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు ఎగరేసుకుపోయి, ఏదో ఒకటి నింపి, మళ్ళీ మూత బిగించి అమ్మేసేవాడు. అందుకని మా పెద్దవాళ్ళకు మందు మంచిదా కాదా అన్నది రుచిని బట్టి తెలిసేది కాదు, సీలును బట్టి తెలిసేది. పెదనాన్న సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి, తలకిందులు చేసి, బుడగలు చూసి, ఆఖరున బొటనవేలి గోరుతో మూత చుట్టూ గీసి చూసేవాడు. సీలు చెక్కుచెదరకుండా ఉంటే అమృతం. లేకపోతే విషం. ఆ తర్వాత ఆ అమృతంలో సగానికి పైగా కూల్ డ్రింకు పోసి, రుచన్నది తెలియకుండా చేసి తాగేవాడు. దీన్ని మా వాళ్ళందరూ పెదనాన్న పాండిత్యం అనుకునేవాళ్ళు.

మా బావ సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఏడాదిలో సగం పైన సముద్రం మీదే. మా అక్క రాజమండ్రిలో అద్దె ఇంట్లో కూతురితో ఒక్కతే ఉండేది. పిల్ల మూడో తరగతిలోకి వచ్చింది. తండ్రి సెలవుకు వస్తే ఆ పిల్ల మొదటి రెండు రోజులూ ఆయన్ని "మీరు" అనేదని అక్క నవ్వుతూ చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె మొహం చూస్తే నవ్వులా ఉండేది కాదు.

ఆ ఏడు బావ ఓడ ఉద్యోగం మానేద్దామనుకున్నాడు. పెదనాన్న అప్పటికి రొయ్యల చెరువుల్లో బాగా పైకి వచ్చాడు. కొత్తగా ఇంకొన్ని చెరువులు తవ్విస్తున్నాడు. జనరేటర్లు, చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్లు చూసుకోవడానికి ఇంజను తెలిసిన మనిషి కావాలి, సొంతమనిషి అయితే మరీ మంచిది. కొత్త చెరువుల్లో బావకు వాటా ఇచ్చి, వాటి బాధ్యత అప్పజెబుదామని పెదనాన్నే అన్నాడు. "పట్టుబడి రోజున చెరువు దగ్గరికి రండి అల్లుడుగారూ, మాటనేసుకుందాం" అని కబురు పెట్టాడు. రొయ్య పట్టే రోజును మా వైపు పట్టుబడి అంటారు. ఆ రోజు చెరువు యజమాని మనసు విశాలంగా ఉంటుంది.

బావ ఆ సందర్భం కోసమే ఆ సీసా తెచ్చాడు.

ముందురోజు మధ్యాహ్నం మా ఇంటి మేడమీద గదిలో నాకు చూపించాడు. ముదురు ఆకుపచ్చ సీసా. వాళ్ళ ఓడలో చీఫ్ ఇంజనీరు స్కాట్లాండు మనిషట. ఈ రకం మందు ఎలా తాగాలో ఆయనే నేర్పాడట. నాకు అప్పటికి పాతికేళ్ళు దాటాయి. మందు తాగుతానని ఊళ్ళో అందరికీ తెలుసు, ఇంట్లోవాళ్ళకు తప్ప. ఇంట్లోవాళ్ళకూ తెలుసనుకోండి, తెలియనట్టుండేవాళ్ళు. పెద్దవాళ్ళ ముందు కుర్రాళ్ళు గ్లాసు పట్టుకోకూడదు, అంతే మర్యాద. పైగా అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు.

"తియ్యి బావా, ఒక్క పెగ్గు" అన్నాను.

"సీలు తీస్తే మీ పెదనాన్నగారు ఊరుకుంటారేంటయ్యా? గోరు పెట్టి గీకుతారు కదా."

"నువ్వు అల్లుడివి. రుచి చూసి తెచ్చానని చెబితే కాదంటాడా?"

"వద్దు. రేపు నీకు దాచిపెడతాలే."

"రేపు నన్ను తాగనిస్తారా? ప్లేట్లు అందించే పని నాది. ఏంటి బావా, నీకు నేనంటే అంత లోకువా?"

ఈ ఆఖరి మాట అన్నాక ఇంక ఆయన కాదనలేదు. బావమరిది అలిగితే తట్టుకోలేని మనిషి. మూత తిప్పాడు. సన్నగా చిటుక్కుమంది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

రెండు గాజు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోశాడు. నేను కూల్ డ్రింకు కోసం లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నీళ్ళ గ్లాసులో వేలు ముంచి, వేలి చివరినుంచి రెండు మూడు చుక్కలు రాల్చాడు.

"ముందు వాసన చూడు."

చూశాను. "ఆసుపత్రిలా ఉంది బావా."

"ఆయ్. అందరూ మొదట అదే అంటారు. మన ఉప్పుటేరు పక్కన చెరువులు తవ్వినప్పుడు అడుగున నల్లమట్టి వస్తుంది చూశావా, కుళ్ళిన తుంగదుబ్బులతోటి? అలాంటి మట్టి వాళ్ళ దగ్గరా ఉంటుంది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మంటేసి, ఆ పొగ మీద బార్లీ గింజలు ఆరబెడతారు. నీకు వచ్చేది ఆ పొగ. ఇప్పుడు కొంచెం తాగు. మింగాక మాట్లాడకు."

తాగాను. మొదట పొగ ముక్కుల్లోకి ఎక్కింది. చిన్నప్పుడు తేగలు కుండలో పేర్చి, బోర్లించి, చుట్టూ గడ్డి వేసి కాల్చేవాళ్ళు. కుండ ఎత్తగానే మొహానికి కొట్టే పొగ ఉంటుందే, అది. దాని వెనకాల కొంచెం ఉప్పు. గొంతులో మంట. మింగేశాను. ఇంతేనా అనబోతుంటే బావ వేలెత్తి, "ఆగు" అన్నాడు.

ఆగాను. నాలుక అడుగునుంచి నెమ్మదిగా తీపి వచ్చింది. పంచదార తీపి కాదు. అరిసెల పాకం అడుగంటితే, పిండి వంటలన్నీ అయిపోయాక మా అమ్మ గరిటెతో గీకి చేతిలో పెట్టేది. ఆ మాడు బెల్లం తీపి. కాస్త ఖర్జూరం వాసన. చాలాసేపు ఉంది. బావ నా మొహం చూసి చిన్నపిల్లాడిలా సంతోషించాడు. తీపి వైను నిలవచేసిన పాత పీపాల్లో దీన్ని ఆఖరున కొన్నాళ్ళు ఉంచుతారని, అందుకే పొగ ముందూ తీపి వెనకా వస్తాయని చెప్పాడు.

"మీ పెదనాన్నగారికి నచ్చుతుందంటావా?"

"ఎందుకు నచ్చదు? ఆయన జన్మలో ఇలాంటిది తాగి ఉండడు" అన్నాను. ఇంకో పెగ్గు పోయించుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి పట్టుబడి పూర్తయింది. ఐసు పెట్టెలతో వ్యాన్లు వెళ్ళిపోయాయి. చెరువు గట్టు మీది మకాం పాకలో పెదనాన్న, పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, బావ కూర్చున్నారు. వాళ్ళతో పాటు ఇంకొకాయన. అప్పుడు నాకు చూస్తున్న అమ్మాయికి మేనమామ. రొయ్య చూడ్డానికి వచ్చానన్నాడు కానీ వచ్చింది నన్ను చూడ్డానికి. నాన్న తాగడు కనక ఇంట్లోనే ఉండిపోయాడు. నేను రొయ్యల వేపుడు ప్లేట్లు అందిస్తున్నాను.

బావ సంచిలోంచి సీసా తీసి రెండు చేతులతో అందించాడు. పెదనాన్న ఎత్తి చూశాడు. తలకిందులు చేశాడు. మూత మీద గోరు పెట్టాడు.

"సీలు ఏదండీ అల్లుడుగారూ?"

"నేనే తీశానండి. సరుకు ఎలా ఉందో చూద్దామని."

"ఎవరితో కలిసి?"

"ఒక్కణ్ణేనండి."

నన్ను ఎవరూ ఏమీ అడగకముందే ఆయన నన్ను దాచేశాడు. పెదనాన్న సీసాలో తగ్గిన మట్టం చూసి, "ఒక్కరే బానే లాగించారే" అన్నాడు. గ్లాసులో పోసి, ఎప్పటిలాగే అంచుదాకా కూల్ డ్రింకు నింపి, నోట్లో పోసుకున్నాడు.

ఊసేశాడు. చెరువు వైపు తిరిగి ఊసి, నోరు తుడుచుకుని, ఆ దూది మాట అన్నాడు.

అన్నయ్య గ్లాసు వాసన చూశాడు. "టించరే నాన్నా. కట్టు కట్టేటప్పుడు రాస్తారే, అదే."

మేనమామగారు లేచి నిలబడ్డాడు. "మా వైపు ఇలాంటిది తాగే ఒకాయనకి చూపు పోయిందండి" అని కుండలో నీళ్ళతో నోరు పుక్కిలించడం మొదలుపెట్టాడు. అసలాయన ఇంకా ఒక్క చుక్క కూడా తాగలేదు.

"అది అలాగే ఉంటదండి" అన్నాడు బావ. "కూల్ డ్రింకు కలిపితే పాడైపోద్దండి. రెండు చుక్కల నీళ్ళతో తాగి, కాస్త ఆగితే..."

"మాకు తాగడం నేర్పుతున్నారేంటండీ? ఖాళీ సీసా ఎక్కడ దొరికింది, యానాంలోనా కాకినాడలోనా? చెప్పండి, తప్పులేదు. ఇంటల్లుడు, ఏదిచ్చినా పుచ్చుకోవాలి కదా."

మా గోదావరి జిల్లాల వెటకారాన్ని అందరూ మెచ్చుకుంటారు. అదెంత చల్లగా మనిషిని కోస్తుందో కోయించుకున్నవాణ్ణి అడగాలి. అండీ, గారూ, అల్లుడుగారూ, ఒక్క మర్యాదా తప్పలేదు. ఆ మర్యాదలతోటే ఒక మనిషిని దొంగను చేశారు.

బావ ఒక్కసారి నావైపు చూశాడు. ఒక్కసారే. నేను ప్లేట్లో రొయ్యలు సర్దుతున్నాను. సర్దిన రొయ్యల్నే మళ్ళీ సర్దుతున్నాను. ఒక్క మాట చాలు. సీలు నా ఎదుటే తీశాడు, నేనూ తాగాను, ఇదిగో బతికే ఉన్నాను అంటే చాలు. ఆ మాట అనలేదు. మేనమామగారు వింటాడని అనలేదు. తాగుబోతని సంబంధం తప్పిపోతుందని అనలేదు. ఆ సంబంధం తర్వాత ఎలాగూ తప్పిపోయింది, జాతకాలు కలవలేదట.

అన్నయ్య సీసా పట్టుకుని, కొత్తగా రొయ్యపిల్ల వేసిన పక్క చెరువు అంచుకు వెళ్ళాడు. పెదనాన్న కేకేశాడు, "అందులో కాదురా, పిల్లరొయ్య చచ్చిపోద్ది. గట్టు మీద పొయ్." పొక్లెయిన్ తవ్విపోసిన మట్టి ఎండకు కాగుతూ ఉంది. దాని మీద మందు పోస్తే గుప్పున పొగ వాసన లేచింది, కాసేపటికి తీపి వాసన. నాకు తెలిసింది. బావకు తెలిసింది. మిగతావాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

వాటా సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బావ అడిగితే, "ఈ పంట కానివ్వండి, చూద్దాం" అన్నాడు పెదనాన్న. వెనకాల మాత్రం, సీసా దగ్గరే ఇలా చేసినవాడు మేత బస్తాల దగ్గర ఏం చేస్తాడో అన్నాడు. అది నా చెవులతో విన్నాను. బావ మళ్ళీ ఓడెక్కాడు. ఆ పిల్ల హైస్కూలు చదువంతా తండ్రి లేకుండానే అయిపోయింది. అక్క ఒక్కతే పిల్లను ఆసుపత్రులకు తిప్పింది, ఒక్కతే ఇల్లు మారింది, గోదావరి వరదొచ్చిన ఏడు ఒక్కతే సామాన్లు మేడమీదికి ఎక్కించుకుంది. ఇక్కడేమో కొత్త చెరువుల్లో ఒకరోజు జనరేటరు ఆగిపోయి, బాగుచేసేవాడు దొరికేసరికి రొయ్యంతా ఊపిరాడక చచ్చి తేలిపోయింది. ఆ కబురు విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. అదీ రాయాలి కనక రాస్తున్నాను.

ఏళ్ళు గడిచాయి. పెదనాన్న పోయాడు. కథ మాత్రం అన్నయ్యకు వారసత్వంగా వచ్చింది.

సింగపూరు వెళ్ళొచ్చిన ఒక స్నేహితుడి ఇంట్లో అదే ఆకుపచ్చ సీసా కనిపించింది. వాసన చూసి గుర్తుపట్టాను. అతన్ని బతిమాలి, తెరవని సీసా ఇంకొకటి ఉంటే తీసుకున్నాను. అన్నయ్య భీమవరంలో కొత్త ఇల్లు కట్టుకుని భోజనాలకు పిలిచినప్పుడు పట్టుకెళ్ళాను. అన్నయ్య గోరుతో మూత గీసి చూశాడు, తండ్రిలాగే. సీలు తనే తీశాడు.

ఈ లోపల మా వాళ్ళు నేర్చేసుకున్నారు. "స్మోకీ అంటార్రా దీన్ని" అన్నాడు అన్నయ్య. "ఇందులో ఏదీ కలపకూడదు. చూడు, లాస్టులో తీపి తగులుద్ది. ఆగాలి."

ఆగాలట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాగుందా?" అన్నాను.

"సూపరు."

"అప్పట్లో బావ తెచ్చింది ఇదే. నువ్వు గట్టు మీద పారబోసింది ఇదే."

అన్నయ్య నవ్వాడు. "దానికి సీలు లేదు కదరా తమ్ముడూ."

"ఆ సీలు తీయించింది నేను. ముందురోజు మా మేడమీద. రెండు పెగ్గులు తాగింది నేను. నన్ను బయటపెట్టకూడదని ఒక్కణ్ణే తాగానన్నాడు ఆయన."

"వీడికి ఒక పెగ్గుకే ఎక్కేసిందేంటి?" అన్నాడు అన్నయ్య మిగతావాళ్ళతో. నవ్వారు. నేను మళ్ళీ చెప్పాను. ఈసారి గొంతు లేచింది. అన్నయ్య మొహం మారింది. "పోయినాయన మీద ఇప్పుడు నింద వేస్తావేంట్రా? నాన్న అబద్ధమాడాడంటావా?"

పెదనాన్న అబద్ధమాడలేదు. ఆయనకు నిజంగానే తెలియదు. తెలియనివాడు తెలిసినవాడి పరువు తీశాడు, తెలిసిన రెండోవాడు రొయ్యలు సర్దుకున్నాడు. ఇంతమాత్రం అక్కడ చెప్పలేకపోయాను. మిగిలిన సీసా చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను. చుట్టాలింటికి తెచ్చిన సీసా తిరిగి పట్టుకుపోయినవాడు మా వంశంలో నేనొక్కణ్ణేనని తర్వాత అన్నారట. అననివ్వండి.

మర్నాడు రాజమండ్రి వెళ్ళాను. బావ అప్పటికి సముద్రం వదిలేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ కబురు నాకంటే ముందే ఫోనులో వచ్చేసింది. సీసా బల్ల మీద పెట్టాను. బావ మూత కేసి చూశాడు.

"మళ్ళీ సీలు తీసిందే తెచ్చావేంటి బావమరిదీ?"

నేను నవ్వలేకపోయాను. క్షమించమని ఏదో మొదలుపెడితే, "ఊరుకో" అని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకు తెలుసురా" అంది. "ఆ రోజే చెప్పారు."

"మరి నన్నెప్పుడూ అడగలేదేంటక్కా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

ఇన్నేళ్ళూ ఆమె ఇంట్లో తిన్నాను. పండక్కి బట్టలు పెడితే పుచ్చుకున్నాను. ఆమె చూస్తూనే ఉందన్నమాట.

"నిన్న వాళ్ళకి చెప్పావంటగా. నవ్వారా?"

"నవ్వారు."

"నవ్వరా మరి? గ్లాసు పట్టుకుని చెబితే ఎవడు నమ్ముతాడు? చెప్పదలుచుకుంటే ఒట్టి నోటితో చెప్పు. పదిమందిలో చెప్పు. ఆడవాళ్ళ ముందు చెప్పు."

మా మేనకోడలి నిశ్చితార్థం గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక హాల్లో జరిగింది. భోజనాల దగ్గర అన్నయ్య పెళ్ళికొడుకు తండ్రి పక్కన కూర్చుని, "మీ వియ్యంకుడుగారికి మా ఇంట్లో ఇంకో పేరుందండి" అని మొదలుపెట్టాడు. విస్తరి ముందునుంచి లేచాను. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. సీలు, మేడమీది గది, బావ నాకోసం ఆడిన అబద్ధం, రొయ్యల ప్లేటు, పోయిన వాటా. వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని నిలబడిపోయారు. మా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఎవరూ నవ్వలేదు. అక్క వచ్చి నా విస్తట్లో పెరుగు వేసి, "కూర్చుని తిను" అంది.

ఆ సాయంత్రం బావ నేనిచ్చిన సీసా, రెండు గ్లాసులు తీశాడు. నీళ్ళలో వేలు ముంచి చుక్కలు రాల్చాడు. తాగాను. పొగ. ఆగాను. తీపి వచ్చింది, మునుపు వచ్చినట్టే వచ్చింది. నా నోటికి అది రావడం నాకు నచ్చలేదు.

ఆ పూటతో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మొన్న మేము వెళ్ళని ఒక పెళ్ళిలో, కొత్త చుట్టాల మధ్య, ఆ కథ మళ్ళీ చెప్పారట. దూది దగ్గర నవ్వారట. అసలు జరిగింది చెబితే నవ్వు రాదు కనక దాన్ని ఎవరూ మోసుకెళ్ళరు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆ సీసాలో టించరు లేదు. దాని సీలు తీయించింది నేను. ఇది రాసేటప్పుడు నా ముందు గ్లాసు లేదు.